గ్యాస్ బార్బెక్యూని మీరే బిగించి, భద్రంగా కనెక్షన్ ఇచ్చుకోవడం ఎలా?

కొత్త గ్యాస్ బార్బెక్యూ కొంటే డబ్బాలో వచ్చేది పొయ్యి కాదు, పొయ్యి ముక్కలు. కాళ్లు, చక్రాలు, రేకులు, గ్రిల్లులు, మూత, ఒక సంచీ నిండా నట్లూ బోల్టులూ. వీటన్నింటినీ కూర్చి నిలబెట్టడం ఓపిక పని. గ్యాస్ కనెక్షన్ ఇవ్వడం జాగ్రత్త పని. చాలామంది మొదటి దానికి గంటల తరబడి కూర్చుంటారు, నడుం పట్టేస్తుంది, ఈలోగా వచ్చిన చుట్టాలు "ఇంకా ఎంతసేపు?" అంటుంటారు, ఇక రెండోదాన్ని ఐదు నిమిషాల్లో కానిచ్చేస్తారు. ప్రమాదం ఉండేది ఆ ఐదు నిమిషాల్లోనే. అందుకని బిగింపు ఒకరోజు, గ్యాస్ కనెక్షన్, మొదటి మంట మర్నాడు పెట్టుకోండి. చుట్టాలను ఆ తర్వాతే పిలవండి.

గ్యాస్ ఎటు పోతుంది?

సిలిండర్‌లో ఉండే ఎల్‌పీజీ అంటే ప్రొపేన్ గానీ, బ్యూటేన్ గానీ, రెండూ కలిసినది గానీ అయి ఉంటుంది. లోపలి ఒత్తిడికి ద్రవంగా ఉంటుంది, బయటికొస్తే ఆవిరై రెండు వందల రెట్లకు పైగా పరుచుకుంటుంది. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు బరువు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఈ గ్యాసూ అంతే. లీకైతే పైకి పోయి గాల్లో కలిసిపోదు. నేల మీద పాకుతూ గుంటలోకో, డ్రైనేజీలోకో, మెట్ల కింద గదిలోకో చేరి అక్కడే ఉండిపోతుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

ఈ గ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్‌క్యాప్టన్ అనే ఘాటైన రసాయనం కలుపుతారు. అయితే గ్యాస్ కాళ్ల దగ్గర, ముక్కు ఐదడుగుల ఎత్తున. అందుకే "వాసన రాలేదు కాబట్టి లీకు లేదు" అన్న లెక్క ఆరుబయట పనికిరాదు.

ఎక్కడ పెట్టాలి

పైన కప్పు లేని, గాలి ఆడే ఆరుబయలే దీనికి చోటు. గ్యారేజీ, షెడ్డు, టెంటు, అద్దాలు మూసిన బాల్కనీ, ఇవేవీ వద్దు. లీకైన గ్యాస్ పోగవడం ఒక కారణం. మండేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రెండోది. దానికి రంగూ వాసనా ఉండవు. షట్టర్ సగం ఎత్తి ఉంచితే సరిపోతుందని కొందరు అంటారు, సరిపోదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ నియమాలేమిటో కొనే ముందే కనుక్కోండి.

గోడలకూ కంచెలకూ ఎంత దూరం ఉండాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. రాయకపోతే ఇంటి గోడకు, చెక్క కంచెకు, కర్టెన్లకు, వేలాడే కొమ్మలకు 3 మీటర్లు వదలండి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. పక్కనే మ్యాన్‌హోలు, డ్రైనేజీ జాలీ, నేలమాళిగ కిటికీ లేకుండా చూసుకోండి. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు.

గాలి వాటం కూడా చూడాలి. చాలా మోడళ్లలో వేడి గాలి మూత వెనక సందులోంచి బయటికి పోతుంది. గాలి నేరుగా వెనకనుంచి కొడితే ఆ వేడి ముందుకు, అంటే నాబ్‌ల వైపు తిరుగుతుంది. నాబ్‌లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయంటే కారణం తరచూ ఇదే. పొయ్యిని కాస్త తిప్పి పెట్టండి.

ముక్కల్ని కూర్చడం

డబ్బా అట్టను చింపి నేల మీద పరిచి, సామాను దానిమీదే సర్దండి. రేకులకు గీతలు పడవు, చిన్న వాషర్లు దొర్లిపోవు. స్క్రూలను సైజుల వారీగా వేర్వేరు గిన్నెల్లో వేసుకుని, జాబితాతో సరిచూసుకోండి. ఏదైనా తగ్గితే పని మొదలుపెట్టకముందే కంపెనీని అడగడం మంచిది. కొత్త రేకుల అంచులు చెయ్యి కోస్తాయి, గ్లౌజులు వేసుకోండి.

స్టీలు భాగాల మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, కంటికి సరిగ్గా ఆనదు కూడా. బిగించక ముందే ఒలిచేయండి. బోల్టు కింద ఇరుక్కున్న పొర ఆ తర్వాత ఊడిరాదు, వేడికి కరిగి నల్లగా అంటుకుపోతుంది.

స్టాండుకు బోల్టులన్నీ మొదట వేళ్లతో తిప్పి వదులుగా ఉంచండి. నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయని, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయని చూశాక అప్పుడు ఒక్కొక్కటే బిగించండి. మొదటి బోల్టునే గట్టిగా బిగిస్తే చివరి బోల్టు రంధ్రం కలవదు, మళ్లీ అన్నీ విప్పాలి. డ్రిల్ మిషన్‌తో బిగించేవాళ్లు వేగం బాగా తగ్గించుకోండి. పల్చటి రేకులో మరలు ఇట్టే అరిగిపోతాయి. నాకైతే చేతి స్క్రూడ్రైవరే నచ్చుతుంది, ఎంత బిగిసిందో చేతికి తెలుస్తుంది.

బర్నర్లు ఉండే పెద్ద పెట్టెను స్టాండు మీదకి ఎత్తేటప్పుడు ఇంకొకరి సాయం తీసుకోండి. బరువు ఒక్కటే కాదు, గ్యాస్ గొట్టం కిందకి వేలాడుతూ ఉంటుంది, ఒంటి చేత్తో ఎత్తితే అది స్టాండుకూ పెట్టెకూ మధ్య నలిగిపోవచ్చు. ఇక చివర్లో రెండు స్క్రూలు మిగిలితే "ఎక్స్‌ట్రా ఇచ్చినట్టున్నారు" అని జేబులో వేసుకోకండి. జాబితా చూడండి. నిజంగా అదనంగా ఇచ్చి ఉంటే అక్కడ రాసి ఉంటుంది.

బర్నరు, జెట్టు

మొత్తం బిగింపులో అన్నిటికన్నా ఓపిగ్గా చూడాల్సినది ఇదే. నాబ్ వెనక వాల్వు ఉంటుంది. వాల్వు కొసన సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కు ఉంటుంది, దాన్నే జెట్ అంటారు. బర్నర్ గొట్టం తెరిచిన నోరు ఆ జెట్ మీదకి ఎక్కి కూర్చోవాలి. జెట్‌లోంచి దూసుకొచ్చే గ్యాస్ పక్కనున్న గాలిని లాక్కుని గొట్టంలోకి పోతుంది, ఆ రెండూ కలిసి బర్నర్ రంధ్రాల దగ్గర మండుతాయి. గొట్టం జెట్‌కి పక్కగా, లేదా కిందగా కూర్చుందనుకోండి, గ్యాస్ బర్నర్‌లోకి పోకుండా నాబ్‌ల ప్యానెల్ వెనక చేరుతుంది. అప్పుడు మంట వచ్చేది గ్రిల్ కింద కాదు, మీ చేతి దగ్గర.

ఫ్యాక్టరీలోనే బర్నర్లు అమర్చి పంపినా ప్రయాణంలో కదిలి ఉండొచ్చు. కిందకి వంగి, టార్చి వేసి, ఒక్కో బర్నర్ నోరు చూడండి. ఇత్తడి ముక్కు కొస గొట్టం లోపల, మధ్యలో కనపడాలి. బర్నర్ రెండో కొసన ఉండే పిన్ను లేదా స్క్రూ పెట్టి ఉందో లేదో చూడండి. అది లేకపోతే వండేటప్పుడు కుదుపుకి గొట్టం వెనక్కి జారుతుంది.

స్పార్క్ వచ్చే పుల్ల, అంటే ఎలక్ట్రోడ్, బర్నర్ రంధ్రాలకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలి. బ్యాటరీ పెట్టి, గ్యాస్ లేకుండానే బటన్ నొక్కి నీడలో చూడండి, నీలి మెరుపు కనపడాలి. బర్నర్ల మీద వేడి పలకలు, వాటిపైన గ్రిల్లులు, కింద నూనె కారే ట్రే పెట్టేస్తే బిగింపు అయిపోయినట్టే.

సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం

బార్బెక్యూ వెనకో తలుపు లోపలో ఒక చిన్న రేకు బిళ్ల ఉంటుంది. ఏ గ్యాస్‌కి తయారు చేశారు, ఎంత ఒత్తిడి కావాలి అన్నది దానిమీద మిల్లీబార్లలో రాస్తారు. కొన్ని దేశాల్లో 30, కొన్నిచోట్ల 37, ఇంకొన్నిచోట్ల 50 మిల్లీబార్లు వాడకంలో ఉన్నాయి. మీ రెగ్యులేటర్ మీద ఉన్న అంకె, బిళ్ల మీద ఉన్న అంకె ఒకటే కావాలి. వేరే దేశంలో కొన్న పొయ్యిని తెచ్చుకున్నవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. రెగ్యులేటర్ నోరు సిలిండర్‌కి పట్టేసినంత మాత్రాన ఒత్తిడి సరిపోయినట్టు కాదు. పెద్ద పెద్ద వంటలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్లు, చేత్తో తిప్పి ఒత్తిడి పెంచుకునేవి, ఇంటి బార్బెక్యూకి అసలే వద్దు.

పైపు ద్వారా వచ్చే సహజ వాయువుకి తయారైన పొయ్యికి ఎల్‌పీజీ తగిలించకూడదు. దాని జెట్ రంధ్రాలు పెద్దవి, ఎల్‌పీజీ ఇస్తే మంట అదుపు తప్పుతుంది. మార్చాలంటే కంపెనీ వాళ్ల కిట్టుతో, వాళ్ల మనిషే మార్చాలి. పైప్‌లైన్ కనెక్షన్ కూడా అంతే, అది లైసెన్సు ఉన్న గ్యాస్ ఫిట్టర్ పని, ఈ వ్యాసం చదివి చేసే పని కాదు.

గొట్టం గ్యాస్ కోసం తయారైనదే కావాలి. తోటకు నీళ్లు పెట్టే పైపు, గాలి కొట్టే పైపు పనికిరావు. తయారైన సంవత్సరమో, మార్చాల్సిన గడువో గొట్టం మీద అచ్చయి ఉంటుంది. చాలా గొట్టాలకు ఐదేళ్ల గడువు ఇస్తారు, ఎండలో ఉంటే అంతకాలం ఆగకపోవచ్చు. రెండు చేతులతో విల్లులా వంచి చూడండి, బయటి పొరలో సన్న పగుళ్లు కనిపిస్తే మార్చేయాల్సిందే. కొత్త పెట్టెతో వచ్చిన గొట్టానికీ ఈ పరీక్ష చేయండి.

ఇప్పుడు కనెక్షన్. నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయా? సిలిండర్ వాల్వు మూసి ఉందా? దగ్గర్లో సిగరెట్టు గానీ, దీపం గానీ లేదు కదా? సిలిండర్‌ని నిలువుగా నిలబెట్టండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, అది చాలా ప్రమాదం. వాల్వు మూతిలో చిన్న రబ్బరు వాషర్ ఉండే రకమైతే అది ఉందో లేదో, చిట్లిందేమో వేలు పెట్టకుండా చూసుకోండి. ఉండాల్సిన వాషర్ లేని సిలిండర్‌ని ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేయండి.

రెగ్యులేటర్లలో మూడు నాలుగు రకాలున్నాయి. నొక్కితే టక్కుమని పట్టేసేవి కొన్ని. అవి పట్టాక పైకి లాగి చూడండి, ఊడి రాకూడదు. పెద్ద ప్లాస్టిక్ నట్టుతో వచ్చేవి చేత్తో బిగిస్తే చాలు, పానా పెట్టకూడదు. ఇత్తడి నట్టుతో వచ్చే కొన్ని ప్రొపేన్ రెగ్యులేటర్లకు మరలు ఎడమ వాటంగా ఉంటాయి, మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి. ఇది తెలియక బలంగా తిప్పి మరలు పాడు చేసుకుంటారు. ఏ రకమైనా సూటిగా కూర్చోబెట్టి, మొదటి ఒకటి రెండు చుట్లు వేళ్లతోనే తిప్పండి. అడ్డంగా పడితే అక్కడే ఆగిపోతుంది, విప్పి మళ్లీ పెట్టండి. నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు ఈ జాయింట్లకు చుట్టకండి. ఇక్కడ గ్యాస్‌ని ఆపేది మరలు కాదు, లోపలి రబ్బరో ఇత్తడి అంచో. టేపు అడ్డం పడితే అది సరిగ్గా కూర్చోదు.

గొట్టం మెలిక పడకుండా, బర్నర్ పెట్టె అడుగుకి తగలకుండా, నూనె ట్రే కింద నుంచి పోకుండా వేయండి. నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం కూడా రాకూడదు. సిలిండర్‌ని క్యాబినెట్ లోపల పెట్టొచ్చా, పక్కన నేల మీద పెట్టాలా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. పట్టింది కదా అని లోపలికి తోసేయకండి, పుస్తకం చూడండి. స్పేర్ సిలిండర్‌ని మాత్రం ఏ మోడల్‌లోనూ పొయ్యి కింద దాచకూడదు.

సబ్బునీళ్ల పరీక్ష

గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు సగం సగం కలపండి. పాత పెయింట్ బ్రష్ ఒకటి తీసుకోండి. నాబ్‌లు ఆఫ్‌లోనే ఉంచి, సిలిండర్ వాల్వుని మెల్లగా తెరవండి. ఇప్పుడు గ్యాస్ నాబ్‌ల దాకా వచ్చి ఆగి ఉంటుంది. సిలిండర్ వాల్వు మొదలు, రెగ్యులేటర్ కలిసే చోటు, రెగ్యులేటర్ నుంచి గొట్టం బయల్దేరే చోటు, గొట్టం పొడవునా, అది బార్బెక్యూకి చేరే నట్టు, అన్నింటి మీదా నురగ దట్టంగా పూయండి.

పూయగానే బుడగలు కనిపిస్తాయి, కంగారు పడకండి. అవి బ్రష్ చేసినవి, కాసేపట్లో పేలిపోతాయి. మీరు వెతికేది వేరే బుడగ. అదే చోట, ఒక్కటే, నెమ్మదిగా లావెక్కి పగులుతుంది, మళ్లీ అక్కడే ఇంకోటి మొదలవుతుంది. లీకు పెద్దదైతే నురగ గుత్తులుగా పొంగుతుంది. చిన్నదైతే బుడగ తేలడానికి సమయం పడుతుంది, అందుకే ప్రతి జాయింటు దగ్గరా కనీసం ఒక నిమిషం కళ్లప్పగించి చూడండి. నట్టు వెనక వైపు కనపడకపోతే చిన్న అద్దం పెట్టుకోండి.

బుడగ కనిపిస్తే వాల్వు మూసి, జాయింటు విప్పి, వాషర్ చూసి, మళ్లీ బిగించి మళ్లీ పరీక్షించండి. రెండోసారీ వస్తే ఇక ఆ భాగాన్ని మార్చాల్సిందే. బలం పెట్టి ఇంకో చుట్టు తిప్పితే ఆగుతుందేమో అనిపిస్తుంది కానీ, చేత్తో బిగించాల్సిన నట్టుకి బలం మందు కాదు. సిలిండర్ వాల్వు మొదట్లోనే లీకుంటే వాల్వు మూసి, మనుషులకీ నిప్పుకీ దూరంగా ఆరుబయట ఉంచి, సరఫరా చేసినవాళ్లకు ఫోన్ చేయండి. మూసినా ఆగకపోతే ఫైర్ సర్వీసుకే.

అగ్గిపుల్లతో లీకు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది దొరికించేది లీకుని కాదు, మిమ్మల్ని. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణాలు కూడా వద్దు, అమ్మోనియా ఇత్తడిని పగులు పట్టేలా చేస్తుంది. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడిచేయండి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ, గొట్టం కదిపిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

మొదటి మంట

మూత తెరవండి. వెలిగించే ముందు మూత తెరిచే ఉండాలి, ఎప్పుడూ. మూసిన పెట్టెలో కొన్ని సెకన్ల గ్యాస్ పోగైనా స్పార్క్ పడగానే ధడాలుమని మూత ఎగురుతుంది. ముఖం గ్రిల్ మీదకి వంచకుండా పక్కకి నిలబడండి. వదులు చున్నీలు వెనక్కి కట్టుకోండి, చొక్కా పొడుగు చేతులు పైకి మడుచుకోండి.

సిలిండర్ వాల్వుని మెల్లగా తెరిచి, ఒక్క బర్నర్ నాబ్ మాత్రం ఫుల్ మీద పెట్టి వెంటనే స్పార్క్ బటన్ నొక్కండి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ ఆపేసి, మూత తెరిచే ఉంచి, ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాలు ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతూ ఉంటారు. అలా నొక్కుతున్నంతసేపూ గ్యాస్ చేరుతూనే ఉంటుంది.

వెలిగాక మంట చూడండి. నీలంగా, నిలకడగా ఉండి, కొసల్లో కాస్త పసుపు తగిలితే బాగున్నట్టే. మంటంతా పసుపుగా, సోమరిగా ఊగుతుంటే గాలి సరిగా కలవట్లేదు. చాలాసార్లు బర్నర్ గొట్టంలో సాలెగూడు ఉంటుంది. సాలీళ్లకు ఈ గొట్టాలంటే ఎందుకో ప్రీతి, గోదాములో ఉన్న కొత్త పొయ్యిలో కూడా దూరతాయి. ఆపేసి, చల్లారాక సన్నటి బ్రష్‌తో శుభ్రం చేయండి.

మంట అన్ని బర్నర్లలోనూ చిన్నగా, నీరసంగా ఉంటే వేరే సంగతి. కొన్ని రెగ్యులేటర్లలో, వాల్వుల్లో భద్రత కోసం ఒక అడ్డు ఉంటుంది. వాల్వుని ఒక్కసారిగా తెరిస్తే లీకైందనుకుని అది గ్యాస్‌ని తగ్గించేస్తుంది. అన్నీ ఆపి, రెగ్యులేటర్ విప్పి, కాసేపాగి, మళ్లీ బిగించి లీకు పరీక్ష చేసి, ఈసారి నిదానంగా తెరవండి.

అంతా బాగుంటే ఖాళీ పొయ్యినే అరగంట పెద్ద మంట మీద కాలనివ్వండి. ఫ్యాక్టరీ నూనెలు కాలి పొగా, కాస్త ఘాటు వాసనా వస్తాయి, అవి పోయాకే ఆహారం పెట్టాలి. చల్లారాక బోల్టులన్నీ ఇంకోసారి చూడండి, వేడికి కొన్ని వదులవుతాయి.

వండేటప్పుడు, ఆపేటప్పుడు

వెలిగించిన పొయ్యిని వదిలి లోపలికి వెళ్లొద్దు. పిల్లలకి నేల మీద ఒక గీత గీసి "ఇది దాటొద్దు" అంటే సులువుగా అర్థమవుతుంది. కొవ్వు కారి ట్రేలో నిప్పంటుకుంటే నీళ్లు చల్లకండి, మండే కొవ్వు నలుదిక్కులా ఎగురుతుంది. నాబ్‌లు ఆపి, చెయ్యి కాలకుండా అందితే సిలిండర్ కూడా కట్టేసి, మూత మూసి దూరంగా ఉండండి. మంట గొట్టానికో సిలిండర్‌కో పాకితే ఇక దాన్ని ఆర్పాలని చూడొద్దు, అందర్నీ దూరం తీసుకెళ్లి ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి.

ఎక్కువసేపు వండితే సిలిండర్ బయట చెమ్మ, ఒక్కోసారి మంచు పొర కనిపిస్తుంది. లోపల ద్రవం ఆవిరవుతూ చల్లబరుస్తుంది, అది లీకు కాదు. మంచు కరగాలని సిలిండర్‌కి వేడి చూపించకండి. గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తూకం వేసి, సిలిండర్ మీద చెక్కిన ఖాళీ బరువుని తీసేయడమే సరైన లెక్క.

వంట అయ్యాక నేనైతే ముందు సిలిండర్ వాల్వు కట్టేస్తాను. గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయి మంట దానంతటదే ఆరిపోతుంది, అప్పుడు నాబ్‌లు ఆపుతాను. కొన్ని పుస్తకాల్లో ముందు నాబ్‌లు ఆపమని ఉంటుంది. ఎటునుంచి ఆపినా సిలిండర్ కట్టడం మర్చిపోకూడదు. ట్రేలో కొవ్వుని చల్లారాక ప్రతిసారీ తీసేయండి.

కొన్ని నెలలు వాడకుండా లోపల పెట్టాల్సి వస్తే సిలిండర్ విప్పి, దాని మూతి బిరడా పెట్టి, ఎండ తగలని ఆరుబయట నిలువుగా ఉంచండి. ఇంట్లోకి పోవాల్సింది పొయ్యి మాత్రమే. గొట్టం కొసకి పాలిథీన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, పురుగులు దూరవు.